తెడ్డులో నీళ్ళు

ఎవరైనా కయాక్, అంటే ఒక్కరే కూర్చుని నడిపే సన్నటి పడవ, నేర్చుకుంటామని వస్తే, నేను తెడ్డును నేరుగా వాళ్ళ చేతికి ఇవ్వను. ముందు చెవి దగ్గర పెట్టుకుని రెండుసార్లు ఊపుతాను, కొబ్బరికాయ కొనేవాళ్ళు ఊపినట్టు. జనం నవ్వుతారు. "ఏం సార్, ముదిరిందా, లేతదా?" అని ఒకాయన అడిగాడు కూడా. నేనూ వాళ్ళతో కలిసి నవ్వేస్తాను. నవ్వకపోతే ఎందుకు ఊపుతున్నానో చెప్పాల్సి వస్తుంది.

ఇన్నేళ్ళూ చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నది గొప్ప కోసం కాదు. రాస్తే సిగ్గు కొంచెం తగ్గుతుందేమోనని ఆశ. తగ్గకపోతే తగ్గకపోనీ, నాకు అది కావలసిందే.

మాది రామన్నపేట దగ్గర ఒక ఊరు. మగ్గం ఇల్లు. బాపు చెద్దర్లు నేసేవాడు, ఇప్పటికీ ఓపిక ఉన్ననాడు నేస్తాడు. నేను డిగ్రీ చదివి, మగ్గం గుంటలో కాళ్ళు పెట్టేది లేదని ఒట్టేసుకున్న రకం. తెలంగాణ వచ్చిన కొన్నేళ్ళకు మహబూబ్‌నగర్ దిక్కున ఒక ప్రాజెక్టు నీళ్ళ మీద బోటింగ్ పెట్టారు. అక్కడ నాకు పని దొరికింది. పట్నం తీసుకుపోయి ఒక చెరువులో రెండు వారాలు కయాక్ నేర్పించి పంపారు. రెండు వారాలే. కానీ మా ప్రాజెక్టు కాడ అది కూడా నేర్చుకున్నవాడు లేడు కాబట్టి నేనే కోచ్‌ని. మెడలో ఈల, తలమీద టోపీ. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారే, అట్లా ఉండేది నా వ్యవహారం.

కయాక్‌లు నాలుగు, తెడ్లు ఐదు వచ్చాయి. నాలుగు తెడ్లు అల్యూమినియం పైపుకు రెండు కొసలా ప్లాస్టిక్ రెక్కలు బిగించినవి. ఐదోది నల్లది, పట్నం నుంచి నమూనాకని పంపింది. అల్యూమినియం తెడ్డు బరువులో ఇది సగం కూడా ఉండదు. ఎత్తితే ఏదో ఎత్తినట్టే ఉండదు. అది నాది అని ఎవరూ చెప్పలేదు. నేనే పట్టుకున్నాను, పట్టుకున్నాక నాదైపోయింది.

ఆ జాగాలో ఊడ్చే పనికి ఒక అక్క ఉండేది. నాకంటే పదేళ్ళు పెద్ద. పుట్టిల్లు మర్రిగూడ దిక్కు, అత్తగారిల్లు కోస్గి దిక్కు. అత్తగారివాళ్ళకు గొర్రెలున్నాయి. పొద్దున్నే వచ్చి, మెట్లూ, బోట్లు ఎక్కే సిమెంటు దిమ్మే, చెట్ల కింద బల్లలూ ఊడ్చేది. ఊడవడం అంటే ఆమెకు పెద్ద నరకం. వంగితే లేవలేకపోయేది, లేస్తే మళ్ళీ వంగలేకపోయేది. చీపురుకు పొడుగు కర్ర కట్టుకుని ఎట్లాగో నెట్టుకొచ్చేది. మర్రిగూడ దిక్కు పుట్టి పెరిగిన మనిషి నడుం చూస్తే మా జిల్లావాళ్ళకు వేరే చెప్పనక్కర లేదు. ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్ళు చిన్నప్పుడే బొక్కల్లో, ఎముకల్లో చేరాయి. కానీ ఆ సంగతి ఆమె ఎక్కడా బయటపెట్టేది కాదు. బయటపడితే ఉన్న పని కూడా పోతుందని.

ఒకరోజు నేను కయాక్ ఒడ్డుకు లాగుతుంటే వచ్చి నిలబడింది.

"తమ్మీ, దీంట్ల కూసోనే నడుపుడు గద? వంగుడు లేదు గద?"

"లేదక్కా. కూర్చోనుడే."

"నాకు నేర్పిస్తవా మరి?"

అప్పటికే ఆ బోటింగ్ నడిపించే సార్ ఒక ఆడమనిషి కోసం వెతుకుతున్నాడు. కుటుంబాలు వస్తున్నాయి, ఆడవాళ్ళు నా పక్కన బోటెక్కడానికి మొహమాటపడుతున్నారు. వాళ్ళ వెంట నీళ్ళమీదికి పోవడానికి ఒక మనిషి కావాలి. అక్క అడిగిందని నేనే సార్‌కు చెప్పాను. "నెల రోజులు నేర్పు. నీళ్ళ మధ్యల ఉన్న గుట్ట చుట్టూ తిరిగి అర్ధగంటల ఒడ్డుకు రావాలె. వస్తే తీసుకుంటా" అన్నాడు. ఇక్కడి దాకా నేను మంచివాణ్ణే.

ఆమె ఎంత త్వరగా నేర్చుకుందో తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఆశ్చర్యం. నీళ్ళంటే భయపడలేదు. కయాక్ ఊగితే దాని మీద కోపం చేయకుండా దానితో పాటు ఊగేది. నేను పట్నంలో ఆరు రోజులకు పట్టుకున్న పని ఆమె మూడు రోజులకు పట్టుకుంది. చేతులు మాత్రం భుజం కంటే పైకి లేచేవి కావు. తెడ్డును కిందికే, పొట్ట దగ్గరే పట్టుకుని తోసేది. నేను ఈల ఊది, "చేయి లేపక్కా, చేయి లేపు!" అని అరిచేవాణ్ణి. లేవని చేతిని లేపమని అరిచిన కోచ్‌ని నేను.

"బరువుంటాంది తమ్మీ, గీ తెడ్డు" అంది నాలుగో రోజు.

అప్పుడు నేను నా సిద్ధాంతం చెప్పాను. చెప్పాలంటే మగ్గం దగ్గరికి పోవాలి. మగ్గంలో పేక పోగును కొట్టి బిగించే చెక్క ఒకటుంటుంది, మా ఇంట్లో పలక అంటారు. చెద్దరు నేసేటప్పుడు బాపు దానికి ఇనుప కడ్డీ ఒకటి అదనంగా కట్టేవాడు. పలక ఎంత బరువుంటే దెబ్బ అంత గట్టిగా పడుతుంది, నేసేవాడు ఊరికే ఒక్క తోపు తోస్తే చాలు, మిగతా పని బరువే చేస్తుంది. తేలిక పలకతో చెద్దరు నేస్తే రెక్కలు విరుగుతాయి, బట్ట జాలీలా వస్తుంది. ఇది నేను పాలు తాగే వయసు నుంచి చూసిన సత్యం. తెడ్డు కూడా అంతే అనుకున్నాను. నీళ్ళను కొట్టేది తెడ్డే కదా.

"బరువుంటేనే మంచిదక్కా. బరువే పని చేస్తది. నువ్వు ఊకె అట్ల వదిలిపెట్టు, అదే తోస్తది" అన్నాను. అంతటితో ఆగినా బాగుండేది. ఐదింటిలో ఎక్కువ బరువున్నది ఏదో చేత్తో తూకం చూసి, ఏరి, దాన్నే ఆమెకు ఖాయం చేశాను. "ఇది నీది, ఇంకోటి పట్టకు" అన్నాను. నిజంగా మేలు చేస్తున్నాననే అనుకున్నాను. మరి నీ చేతిలో నల్ల తేలిక తెడ్డెందుకురా అని నన్నెవరూ అడగలేదు. నన్ను నేనూ అడగలేదు.

ఆమె ఒప్పుకోలేదు. "మా మామ గొర్ల కాడికి పోంగ ఎండిన కట్టెనే పడ్తడు తమ్మీ. పచ్చి కట్టె పట్టడు. పొద్దుందాంక చేతుల మోసేది బరువు ఉండొద్దంటడు."

"గొర్లు కాసుడు వేరు, పడవ నడుపుడు వేరు" అన్నాను. పక్కన టికెట్లు కొనుక్కున్న పదిమంది ఉన్నారు. వాళ్ళు నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వు నాకు చాలా బాగా అనిపించింది, అదీ చెప్పాల్సిందే.

రెండో వారంలో ఇంకో మాట అంది. "తమ్మీ, దీంట్ల ఏదో గుడగుడమంటాంది. నీళ్ళు వడ్డయేమో. మా ఊర్ల నీళ్ళు బొక్కల్ల వడ్డయి, గీడ నీళ్ళు పైపుల వడ్డట్టున్నయి."

తన బొక్కల సంగతి తన నోటితో చెప్పింది ఆ ఒక్కసారే. నమ్మి చెప్పింది. నేనేమన్నానంటే, "ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది అక్కా నీ ముచ్చట." మళ్ళీ జనం నవ్వారు. ఆమె ఇంకోసారి ఆ మాట ఎత్తలేదు.

మద్దెల నిజంగానే ఓటిది. ఆ సాయంత్రం తెడ్లు కడిగి గోడకు ఆనించేటప్పుడు నేనూ విన్నాను. పైపు కొసలో రబ్బరు బిరడా ఒకటి ఉంటుంది, అది సడలిపోయి లోపలికి నీళ్ళు చేరాయి. ఒక కొస దించితే నీళ్ళన్నీ గుడగుడమని ఆ కొసకు పరుగెత్తాయి, ఇంకో కొస దించితే ఇటు పరుగెత్తాయి. విన్నాను, గోడకు ఆనించాను, చేతులు తుడుచుకుని వెళ్ళిపోయాను. బిరడా తీసి వంచితే అయిపోయే పని. కానీ వంచితే ఆమె మాట నిజమైనట్టు, నేను పదిమందిలో అన్న మాట అబద్ధమైనట్టు. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని కూర్చున్నాను.

పరీక్ష మంగళవారం. అంతకు ముందు ఆదివారం ఇంటికి వెళ్ళాను. బాపు మగ్గం మీద ఉన్నాడు. గడప మీద కూర్చుని ఆయనకు నా ఘనత అంతా చెప్పాను. ఒక అక్కకు పడవ నేర్పిస్తున్నాననీ, మన పలక సూత్రమే తెడ్డుకు పెట్టాననీ, బరువు తెడ్డు ఇచ్చాననీ. ఆయన మెచ్చుకుంటాడనుకున్నాను. మగ్గం పని కాదని పోయిన కొడుకు మగ్గం తెలివినే వాడుతున్నాడని మురుస్తాడనుకున్నాను.

బాపు నేయడం ఆపాడు. తల ఎత్తి, పలక వేలాడే తాళ్ళను వేలితో చూపించాడు.

"పలక తాళ్ళకు ఏలాడ్తది రా. దాని బరువు దూలం మోస్తది. నీ తెడ్డు దేనికి ఏలాడ్తది?"

నేను తలెత్తి ఆ తాళ్ళను చూశాను.

"ఆ బిడ్డ రెక్కలకే గద ఏలాడేది. దూలమెవరు? ఆమెనే." అని మళ్ళీ పలక లాగాడు. "పేక పోగు ఏసే నాడెను సూడు, సేతుల విసిరిన కాలంల ఎంత తేలికుండెనో. రోజంత విసిరేది గట్లనే ఉండాలె. ఇంట్ల పుట్టి గింత గూడ సూడలేదా?"

చూడలేదు. ఇరవై ఐదేళ్ళు ఆ తాళ్ళ కిందే తిరిగి అవి దేన్ని మోస్తున్నాయో చూడలేదు. బరువు వేసే దెబ్బను చూశాను, బరువును మోసేవాళ్ళను చూడలేదు. సోమవారం పొద్దున బస్సులో, దిగగానే అక్కకు చెప్పేయాలని గట్టిగా అనుకున్నాను. "నేను తప్పు చెప్పిన అక్కా, ఈ నల్లది పట్టు" అంటే చాలు. బస్సు దిగేదాకా ఆ మాట నోట్లోనే ఉంది. దిగేసరికి ఆమె నీళ్ళమీద ఉంది, ఒడ్డున జనం ఉన్నారు. పదిమందిలో అన్న మాటను పదిమందిలో వెనక్కి తీసుకోలేకపోయాను. రేపు చెబుదాంలే అనుకున్నాను.

మంగళవారం సార్ కుర్చీ వేసుకుని, ఫోన్‌లో టైం పెట్టుకుని కూర్చున్నాడు. అక్క కొత్త చీర మీద లైఫ్ జాకెట్ వేసుకుని వచ్చింది. కయాక్‌లో కూర్చుంటూ నా చేతిలోని నల్ల తెడ్డు వైపు ఒకసారి చూసింది. అడగలేదు. తనకు ఖాయం చేసిన తెడ్డే తీసుకుంది. ఆమె వెంట నేను ఇంకో కయాక్‌లో, ఏదైనా అయితే కాపాడటానికి.

మొదట బాగానే పోయింది. ఆమె వెనకాలే పోతూ నేను ఆ శబ్దం వింటూనే ఉన్నాను. కుడి రెక్క నీళ్ళలో ముంచగానే లోపలి నీళ్ళు కుడికి పరుగెత్తేవి. ఇప్పుడు కుడి కొస పైకి లేవాలి, బరువంతా అక్కడే. ఎత్తగానే అంతా ఎడమకు. ఏ కొసను ఎత్తాలో ఆ కొసకే బరువు చేరుతోంది. తెడ్డు బరువు నడుమ ఉంటే ఒక లెక్క, కొసల్లో ఉంటే ఇంకో లెక్క అని పట్నంలో చెప్పినప్పుడు నేను ఆవులించాను. ఇప్పుడు ఆమె భుజాల్లో చూస్తున్నాను. ఒక్కో తోపుకు మెడ నరం లేస్తోంది. ఊపిరి నాకు వినబడుతోంది. నా చేతిలో నల్ల తెడ్డు సుతారంగా తిరుగుతోంది, నాకు చెమట కూడా పట్టలేదు.

గుట్ట వెనకకు పోయాం. అక్కడి నుంచి ఒడ్డు కనబడదు. సార్ లేడు, జనం లేరు, ఆమె నేను తప్ప ఎవరూ లేరు. అక్క ఆగింది. తెడ్డును ఒడిలో అడ్డంగా పెట్టుకుని, నా కయాక్ పక్కకు వచ్చేదాకా చూసి, నా ముఖంలోకి చూసింది. చేయి చాపితే అందేంత దూరం. తెడ్లు మార్చుకోవడానికి ఎంతసేపు పడుతుంది? రెండు క్షణాలు.

"ఆగకు అక్కా, టైం పోతాంది" అన్నాను.

ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా ఒంటరిగా ఉన్నా సరే ముఖం పక్కకు తిప్పుకుంటాను. నల్లది ఇస్తే, మలుపు తిరగగానే సార్ చూస్తాడు. ఎందుకు మార్చావని అడుగుతాడు. అప్పుడు చెప్పాలి. ఆ ఒక్క ప్రశ్నకు భయపడి, ఒక మనిషి బతుకును గుట్ట వెనక వదిలేశాను.

ఆమె మళ్ళీ తెడ్డెత్తింది. వచ్చేటప్పుడు గాలి ఎదురైంది. అర్ధగంట ఎప్పుడో దాటిపోయింది. ఒడ్డుకు చేరాక కయాక్‌లోంచి లేవలేకపోతే సార్ వెంట వచ్చిన మనిషీ నేనూ చెరో రెక్కా పట్టి లేపాం. సార్ చిరాకుగా నావైపు తిరిగాడు. "నెల రోజులు ఏం నేర్పినవయ్యా?"

నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. అక్కే మాట్లాడింది.

"తమ్ముడు మంచిగనే నేర్పిండు సార్. నా రెక్కలే సక్కగ లెవ్వు. చిన్నప్పటి సంది గట్లనే."

ఇన్నాళ్ళూ దాచుకున్న సంగతి సార్ ముందు, జనం ముందు అట్లా చెప్పేసింది. సార్ ముఖం మారింది. పోయి చీపురు పట్టుకో అన్నాడు. రోగం మనిషి అని తెలిశాక ఆ చీపురు కూడా రెండు నెలలే ఉంది.

ఆమె ఇంటికి పోయాక బిరడా పీకి తెడ్డును వంచాను. చెంబెడు నీళ్ళు, పాచి వాసనతో, సిమెంటు దిమ్మె మీద పడ్డాయి. పొద్దున ఆమె ఊడ్చిన దిమ్మే. నీళ్ళు మెట్ల మీదుగా కిందికి జారిపోతుంటే చూస్తూ నిలబడ్డాను. వెంటనే సార్ దగ్గరికి పోయి ఇంకోసారి పరీక్ష పెట్టమని అడగొచ్చు. అడగలేదు. బిరడాకు లక్క పోసి బిగించాను, అంతే. నల్ల తెడ్డును ఆనాటి నుంచి నేను పట్టలేదు, వచ్చినవాళ్ళలో బక్కవాళ్ళకు ఇస్తాను. అది ప్రాయశ్చిత్తం అని కొన్నాళ్ళు నన్ను నేను బుజ్జగించుకున్నాను. ఎవరికో చేసిన తప్పుకు ఇంకెవరికో చేసే మంచి ఎట్లా చెల్లుతుంది?

పోయినేడు ఒక పని మీద కోస్గి పోయాను. అంగడి రోజు. గొర్రెలు అమ్మే దిక్కున, ప్లాస్టిక్ పట్టా నీడలో, అక్క. రెండు గొర్రెపిల్లల్ని మేకుకు కట్టుకుని కూర్చుంది. నడుం ఇంకా వంగింది. నేను దాటిపోదామనే చూశాను, అబద్ధమెందుకు. ఆమే పిలిచింది.

"తమ్మీ! బక్కగైనవ్. తిన్నవా?"

పక్కన కూర్చున్న ముసలామెకు నన్ను చూపించింది. "నాకు పడవ నడుపుడు నేర్పింది గీ తమ్ముడే" అని. ఆ గొప్ప చెప్పుకోవడంలో ఎక్కడా వెటకారం లేదు. అది నేను తట్టుకోలేకపోయాను. అక్కడే చెప్పేశాను.

"అక్కా, ఆ తెడ్డుల నీళ్ళుండె. నువ్వు చెప్పిన నాడే నేను గూడ ఇన్న. ఎరుకుండి గూడ ఊకున్న."

"ఎర్కనే తమ్మీ" అంది.

"ఏది ఎరుక?"

"నీకు ఎర్కున్నదని."

"మరి సార్ ముంగట ఎందుకు చెప్పలే?"

"పదిమంది ముంగట నీ ఇజ్జత్ ఎందుకు తీసుడు? సిన్నోనివి. నువ్వే చెప్తవనుకున్న." గొర్రెపిల్ల మెడకింద గీరుతూ, నావైపు చూడకుండానే అంది. "గుట్ట ఎనక నేను ఎందుకు ఆగిననుకున్నవ్? అలిసిపోయి ఆగిననా?"

అంతలో ఒక పిల్ల పలుపు తెంచుకోబోయింది. ఆమె లేవలేక, నా కాళ్ళ దగ్గర పడి ఉన్న కర్ర అందించమని చేయి చాపింది. ఇచ్చాను. బాగా ఎండిన కర్ర, చేతిలో ఉన్నట్టే లేదు.